కారు అదే, దారి వేరు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో బాధ ఒకటే. చిన్న కారు కొన్నాం, మైలేజ్ బాగుంటుందనే కొన్నాం, తీరా చూస్తే చెప్పినదాంట్లో సగమే వస్తోంది అని. అందుకే మిగతా ప్రశ్నలన్నీ వచ్చే నెలకి పక్కన పెట్టి, ఈ ఒక్క విషయం మీదే జవాబులు రాస్తున్నాను. ఉత్తరాలు రాసినవాళ్ళ పేర్లు వేయలేదు, ఊళ్ళు మాత్రం ఉంచాను, ఎందుకంటే ఈ విషయంలో మీరు ఏ ఊళ్ళో ఏ దారిన తిరుగుతున్నారో తెలిస్తేనే జవాబు చెప్పగలను.

ప్రశ్న: సార్, మాది ఒక లీటర్ ఇంజిన్ పెట్రోల్ కారు, మాన్యువల్ గేర్. కొని రెండేళ్ళయింది. లీటరుకి 24 దాటుతుందని చెప్పారు, నాకు 12, మహా అయితే 13 వస్తోంది. సర్వీస్ సెంటర్‌కి మూడుసార్లు తీసుకెళ్ళాను. ప్లగ్గులు మార్చారు, ఎయిర్ ఫిల్టర్ మార్చారు, ఇంకేదో క్లీన్ చేశామని బిల్లు వేశారు, ఏమీ మారలేదు. ఖమ్మంలో మా బావమరిదికి ఇదే కారు, ఇదే మోడల్, 19–20 వస్తోంది. అంటే నా కారులో లోపం ఉన్నట్టే కదా? ఇల్లు నిజాంపేట, ఆఫీసు గచ్చిబౌలి, ఒకవైపు 16 కిలోమీటర్లు. ఉదయం తొమ్మిదింటికి బయల్దేరితే గంటా పది నిమిషాలు పడుతోంది.
— నిజాంపేట, హైదరాబాద్

జవాబు: లోపం కారులో లేదండీ. జవాబు మీ ఉత్తరం చివరి వాక్యంలోనే ఉంది. 16 కిలోమీటర్లకి 70 నిమిషాలంటే సగటు వేగం గంటకి 14 కిలోమీటర్లు కూడా లేదు. ఈ వేగంలో ఏ చిన్న పెట్రోల్ కారైనా 12, 13 మధ్యే ఇస్తుంది, ఎందుకో ఒకసారి లెక్క వేసి చూద్దాం, ఎందుకంటే ఈ లెక్క అర్థమైతే మీరు నాలుగోసారి సర్వీస్ సెంటర్‌కి వెళ్ళరు.

ఆ 70 నిమిషాల్లో జేఎన్‌టీయూ దగ్గర, హైటెక్ సిటీ ఫ్లైఓవర్ ఎక్కేముందు, సైబర్ టవర్స్ దగ్గర, బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర అన్నీ కలిపి ఓ 25 నిమిషాలు బండి కదలకుండా నిలబడి ఉంటుందనుకుందాం. ఒక లీటర్ ఇంజిన్ ఏసీ వేసి ఊరికే ఆన్‌లో ఉంటే గంటకి సుమారు 0.8 నుంచి ఒక లీటరు దాకా తాగుతుంది. 25 నిమిషాలకి దాదాపు 350 మిల్లీలీటర్లు. ఒక్క అడుగు కూడా ముందుకు పోకుండా.

రెండోది, ఆగి మళ్ళీ ఎత్తుకోవడం. మనిషితో కలిపి 900 కిలోలపైన ఉండే బండిని సున్నా నుంచి 40 వేగానికి తీసుకెళ్ళాలంటే ఇంజిన్ పెట్టే శక్తికి సుమారు 6, 7 మిల్లీలీటర్ల పెట్రోల్ అవుతుంది. అక్కడ ముందు బండి ఆగిందని మీరు బ్రేక్ తొక్కితే ఆ శక్తంతా బ్రేక్ ప్యాడ్‌లలో వేడిగా మారి గాల్లో కలిసిపోతుంది. ఒక్కసారికి 7 మిల్లీలీటర్లంటే ఏమీ కాదనిపిస్తుంది, కానీ మీ దారిలో ఇలా 35 సార్లు జరిగితే పావు లీటరు దగ్గరికి వచ్చేస్తుంది. ఇక 16 కిలోమీటర్ల అసలు ప్రయాణానికి, ఎక్కడా ఆగకుండా పోయినా, సుమారు 700 మిల్లీలీటర్లు కావాలి. మూడూ కలపండి. లీటరుంపావు దాటింది. 16ని దానితో భాగిస్తే పన్నెండున్నర. మీ కారు ఇస్తున్నది సరిగ్గా అదే.

మీ బావమరిది ఖమ్మంలో ఎంత దూరం తిరుగుతారో మీరు రాయలేదు, కానీ ఇంటి నుంచి బయటికొచ్చి అయిదు నిమిషాల్లో నాలుగో గేరులో పోగలిగే ఊళ్ళో 19 రావడం వింత కాదు. ఆయన కారు గచ్చిబౌలికి, మీ కారు ఖమ్మంకి మార్చుకోండి, నెల తిరిగేసరికి మైలేజీలు కూడా మారిపోతాయి.

ఇక ఆ 24 సంగతి. ఆల్టో కే10 మాన్యువల్‌కి 24.39, ఒక లీటర్ వ్యాగన్ఆర్ మాన్యువల్‌కి 24.35 అని కంపెనీ ప్రకటించే అంకెలు అబద్ధాలు కావు, అవి పరీక్షలో వచ్చినవే. కానీ ఆ పరీక్ష రోడ్డు మీద జరగదు. ల్యాబ్‌లో కారుని రోలర్ల మీద నిలబెట్టి, దాదాపు 20 నిమిషాల పాటు ఒక నిర్ణీత పద్ధతిలో నడుపుతారు. ముందు సిటీ నడక లాంటిది 195 సెకన్లది నాలుగుసార్లు, తర్వాత హైవే లాంటిది 400 సెకన్లు, గరిష్ఠ వేగం 90, ఏసీ ఆఫ్. ఆ మొత్తంలో సగటు వేగం గంటకి 30 కిలోమీటర్లు దాటుతుంది. మీది 14. పైగా ఏసీ. ఆ అంకె రెండు కార్లని పోల్చుకోవడానికి పనికొస్తుంది, మీ ఇంటి నుంచి మీ ఆఫీసుకి ఎంత వస్తుందో అది చెప్పదు. అమ్మేటప్పుడు ఈ మాట ఎవరూ విడమరిచి చెప్పరు, అది మాత్రం నాకు బాధగానే ఉంటుంది.

మరి ఏం చెయ్యాలి? మొదటిది, బయల్దేరే టైమ్. నా సొంత అనుభవం చెప్తాను. కూకట్‌పల్లి నుంచి మాదాపూర్‌కి ఇదే తరహా చిన్న కారులో చాలాకాలం తొమ్మిదింటికి బయల్దేరేవాణ్ణి, 13 దగ్గర వచ్చేది. ఆఫీసులో షిఫ్టు మారి ఏడుంబావుకి బయల్దేరాల్సి వచ్చింది. కారుకి ఒక్క రిపేరు చేయించలేదు, టైర్లు కూడా పాతవే, మైలేజ్ 17కి వచ్చింది. మీకు కూడా ఏడున్నరకి బయల్దేరడం కుదిరితే ఆ 70 నిమిషాలు 40 లోపు రావచ్చు, అప్పుడు నిలబడే టైమ్ పది నిమిషాలు కూడా ఉండదు. ఒక్కో ట్రిప్పులో 350 మిల్లీలీటర్లు మిగిలినా, నెలకి 22 రోజులు, రెండు పూటలు కలిపి 15 లీటర్లు. లీటరు వంద దాటిన ఈ రోజుల్లో అది పదిహేను వందల పైమాటే. ఆఫీసులో అడగడానికి మొహమాటపడకండి, పదింటికి బదులు ఎనిమిదిన్నరకి వస్తానంటే చాలాచోట్ల కాదనరు.

రెండోది, దారి. మ్యాపులో దగ్గరగా కనిపించే దారి పెట్రోల్ తక్కువ తాగే దారి అవ్వాలని లేదు. ఇప్పుడు మీరు 16 కిలోమీటర్లకి లీటరుంపావు పైన ఖర్చు పెడుతున్నారు. మూడు కిలోమీటర్లు చుట్టైనా ఆగకుండా సాగే దారిలో 17 వస్తే, 19 కిలోమీటర్లకి అయ్యేది లీటరూ 120 మిల్లీలీటర్లే. మియాపూర్, ఆల్విన్ క్రాస్ రోడ్స్, కొండాపూర్ మీదుగా ఓ వారం, ఇప్పుడు వెళ్ళే దారిలో ఓ వారం, రెండూ అదే టైమ్‌లో వెళ్ళి కొలవండి. ఏది బాగుంటుందో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను, మీ టైమ్‌కి ఏ జంక్షన్ ఎలా ఉంటుందో మీకే తెలుస్తుంది. ఈమధ్య మన సిటీలో చాలా జంక్షన్లు మూసేసి యూటర్న్‌లు పెట్టారు కదా, కొన్నిచోట్ల దూరం పెరిగినా ఆగడం తగ్గింది, అది కారుకి మంచిదే.

మూడోది మీ కాలు. ముందు రెడ్ పడిందని దూరం నుంచే కనిపిస్తుంటే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేయండి, బండి గేరులోనే నెమ్మదిస్తూ సాగనివ్వండి. చివరిదాకా తొక్కి చివర్లో బ్రేక్ వేస్తే మనం కొన్న పెట్రోల్‌ని మనమే ఆర్పేసినట్టు. ముందు బండికి కాస్త ఎడం ఇస్తే బైకులు దూరిపోతాయని మీరు అనుకోవచ్చు, దూరనివ్వండి, దానివల్ల ఆఫీసుకి ఒక నిమిషం కూడా లేటవదు. కౌంట్‌డౌన్ ఉన్న సిగ్నల్‌లో 30 సెకన్ల పైన చూపిస్తుంటే ఇంజిన్ ఆపేయండి. మళ్ళీ స్టార్ట్ చేయడానికి అయ్యే పెట్రోల్ పది సెకన్లు ఊరికే ఆన్‌లో ఉంచితే అయ్యేంతే. ఎప్పుడు కదులుతుందో తెలియని జామ్‌లో మాత్రం మాటిమాటికీ ఆపకండి, మే నెల మిట్టమధ్యాహ్నం అసలే వద్దు, ఆరోగ్యం ముఖ్యం.

ఇంకో మాట. జామ్‌లో హాఫ్ క్లచ్ మీద బండిని పాకించే అలవాటు ఉంటే మానుకోండి. పెట్రోల్ కన్నా ముందు క్లచ్ ప్లేటు పోతుంది.

ప్రశ్న: నేను రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. కారు కొని మూడేళ్ళయినా తొమ్మిది వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు. మాది భీమవరం, ట్రాఫిక్ జామ్ అన్న మాటే పెద్దగా లేదు, నేను 40 దాటి పోను. అయినా లీటరుకి పది, పదకొండు మాత్రమే వస్తోంది. ఉదయం రైతు బజారుకి, తర్వాత గుడికి, సాయంత్రం మనవణ్ణి ట్యూషన్ నుంచి తీసుకురావడానికి, అన్నీ రెండు కిలోమీటర్ల లోపే. ఇంత తక్కువ వాడినా ఎందుకిలా?
— భీమవరం

జవాబు: మాష్టారూ, తక్కువ దూరం తిరగడమే ఇక్కడ సమస్య. చల్లగా ఉన్న ఇంజిన్‌ని స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ చిక్కగా ఉంటుంది, లోపలి లోహం చల్లగా ఉంటుంది, చల్లని ఇంజిన్‌లో పెట్రోల్ సరిగ్గా ఆవిరవదు కాబట్టి ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్ కావాలనే కొంచెం ఎక్కువ పెట్రోల్ పంపుతుంది. సైలెన్సర్ పైపులో పొగని శుభ్రం చేసే భాగం ఒకటుంటుంది, అది వేడెక్కితేనే పనిచేస్తుంది కాబట్టి దాన్ని తొందరగా వేడెక్కించడానికి కూడా ఇంజిన్ కాసేపు ఎక్కువ తిరుగుతుంది. మీరు స్టార్ట్ చెయ్యగానే శబ్దం కాస్త ఎక్కువగా ఉండి తర్వాత తగ్గడం గమనించే ఉంటారు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కి దారిలో పడేసరికి మూడు, నాలుగు కిలోమీటర్లు కావాలి. మీ ప్రయాణం అంతకు ముందే అయిపోతోంది. అంటే మీ కారు జీవితమంతా ఆ మొదటి రెండు కిలోమీటర్లలోనే గడుస్తోంది.

మీకు నా సలహా ఒక్కటే, పనులు కలపండి. రైతు బజారు, గుడి ఒకే ట్రిప్పులో పెట్టుకోండి, దూరంగా ఉన్నదానికి ముందు వెళ్ళి దగ్గరిది తిరుగు ప్రయాణంలో చూసుకోండి, అప్పుడు రెండోసారి స్టార్ట్ చేసేటప్పటికి ఇంజిన్ ఇంకా వేడిగానే ఉంటుంది. గుడికి నడిచి వెళ్ళగలిగితే మరీ మంచిది. పొద్దున్నే ఇంటిముందు అయిదు నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచే అలవాటు చాలామందికి ఉంది, కార్బురేటర్ రోజుల్లో అది అవసరం, ఇప్పుడు అర నిమిషం చాలు, తర్వాత నెమ్మదిగా నడుపుతూ వేడెక్కించడమే మేలు.

మైలేజ్ కన్నా నాకు ఎక్కువ కంగారు మీ ఇంజిన్ ఆయిల్ గురించి. ఇంజిన్ సరిగ్గా వేడెక్కకపోతే లోపల చేరిన తేమ, కాలని పెట్రోల్ ఆవిరైపోకుండా ఆయిల్లో కలిసిపోతాయి. తొమ్మిది వేలే తిరిగింది కదా, పదివేలకి మారుద్దాం అని ఆగకండి, కిలోమీటర్లతో పని లేకుండా ఏడాదికోసారి మార్పించండి. బ్యాటరీ కూడా ఇలాంటి వాడకంలో సరిగ్గా చార్జ్ అవదు. అందుకని పది, పదిహేను రోజులకోసారి కుటుంబంతో పాలకొల్లు దాకానో, నరసాపురం దాకానో ఒక చక్కర్ వేసి రండి. ఆ రోజు మైలేజ్ కొలవండి, మీ కారు మంచిదేనని మీకే తెలుస్తుంది.

ప్రశ్న: నేను ఆదిభట్ల నుంచి కోకాపేటకి రోజూ ఔటర్ రింగ్ రోడ్డు మీద వెళ్తాను, దాదాపు 48 కిలోమీటర్లు. సిగ్నల్ లేదు, జామ్ లేదు, అయినా నా 1.2 లీటర్ కారు 15 దాటడం లేదు. ఊళ్ళోంచి వెళ్తే 40 కిలోమీటర్లే, టోల్ కూడా ఉండదు, అది నయమా?
— ఆదిభట్ల

జవాబు: వేగం ఎంతో రాయలేదు మీరు. అంచనా వేస్తున్నాను, 110 దగ్గర పోతున్నారు. ఔటర్ మీద కార్లకి వేగ పరిమితి 2023లో 100 నుంచి 120కి పెంచిన తర్వాత చాలామంది ఆ అంకెని ఒక హక్కులాగా చూస్తున్నారు. కానీ గాలికి ఈ లెక్కలు తెలియవు. వేగం పెరిగితే గాలి నిరోధం దాని వర్గంలో పెరుగుతుంది, 80 నుంచి 110కి వెళ్తే గాలి వెనక్కి నెట్టే బలం దాదాపు రెట్టింపు. చిన్న కార్లు ఎత్తుగా, పెట్టెలాగా ఉంటాయి, ఇంజిన్ చిన్నది, 110లో అది గట్టిగా కష్టపడాలి.

80లో మీకు 20 రావాలి. 48 కిలోమీటర్లకి 2.4 లీటర్లు. 110లో 15 అంటే 3.2 లీటర్లు. టైమ్ తేడా? 36 నిమిషాలకి బదులు 26 నిమిషాలు. పది నిమిషాల కోసం ప్రతి పూటా 800 మిల్లీలీటర్లు ఇస్తున్నారు, దగ్గర దగ్గర 80, 90 రూపాయలు. ఆ పది నిమిషాలు మీకు అంత విలువైతే ఇవ్వండి, నేను కాదనను, కానీ తెలిసి ఇవ్వండి. ఎడమవైపు లైన్లలో 80, 85లో స్థిరంగా పోయి ఒక నెల చూడండి. లారీల వెనక మరీ దగ్గరగా పోతే గాలి తగ్గుతుందని కొందరంటారు, ఆ పని మాత్రం ఎప్పుడూ చెయ్యకండి.

ఊళ్ళోంచి వద్దు. చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ మీదుగా 40 కిలోమీటర్లు ఆగుతూ పోతే 14 వచ్చినా 2.8 లీటర్లు దాటుతుంది, గంటన్నర పోతుంది, మీ నడుం కూడా పోతుంది. టోల్ మిగుల్తుంది నిజమే, కానీ ఔటర్ మీద 80లో వెళ్తే పెట్రోల్, టైమ్ రెండూ మిగుల్తాయి.

ప్రశ్న: అన్నా, నేను తిరుపతిలో ఉంటా, పని మీద వారంలో రెండుమూడు సార్లు తిరుమలకి పోయొస్తా. ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వస్తే పెట్రోల్ మిగుల్తుందని మా ఫ్రెండ్స్ చెప్తున్నారు. నిజమేనా?
— తిరుపతి

జవాబు: తమ్ముడూ, వద్దు. ఈ రోజు నుంచే మానెయ్. ఇప్పటి కార్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీద నుంచి పూర్తిగా కాలు తీసేస్తే, వాలులో చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయి, కంప్యూటర్ పెట్రోల్ సరఫరా ఆపేస్తుంది. అంటే దిగేటప్పుడు గేరులో ఉంటే చాలాసేపు ఒక్క చుక్క కూడా కాలదు. న్యూట్రల్‌లో పెడితే ఇంజిన్ ఆరిపోకుండా ఉండాలి కాబట్టి పెట్రోల్ కాలుతూనే ఉంటుంది. మీ ఫ్రెండ్స్ చెప్పేదానికి పూర్తిగా వ్యతిరేకం అన్నమాట.

అంతకన్నా ముఖ్యమైనది, గేరు పట్టుకుని ఉంటేనే బండి అదుపులో ఉంటుంది. న్యూట్రల్‌లో బరువంతా బ్రేకుల మీద పడి, మలుపు మలుపుకీ తొక్కుతూ కిందికి వచ్చేసరికి అవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి. ఇంజిన్ పూర్తిగా ఆపేసి దిగేవాళ్ళని కూడా చూశాను, అప్పుడు పవర్ స్టీరింగ్ ఉండదు, రెండుమూడుసార్లు తొక్కేసరికి బ్రేక్ రాయిలా బిగుసుకుపోతుంది. ఏ గేరులో ఎక్కితే ఆ గేరులో దిగాలని పాత డ్రైవర్లు చెప్పేది అందుకే. రెండో గేరు, మూడో గేరులో నిదానంగా దిగు. ఎక్కేటప్పుడు ఎలాగూ మైలేజ్ ఎనిమిది, తొమ్మిదికి పడిపోతుంది, దాన్ని చూసి భయపడొద్దు, రానూపోనూ కలిపి లెక్కేసుకుంటే పర్వాలేదనిపిస్తుంది.

ప్రశ్న: ఈ20 పెట్రోల్ (20 శాతం ఇథనాల్ కలిపినది) వచ్చాక నా కారు మైలేజ్ 17 నుంచి 13కి పడిపోయింది. జూన్ నుంచి మరీ ఘోరంగా ఉంది. ఇంటి నుంచి బాబుని కాజీపేటలో బడి దగ్గర దింపి, తిరిగి వరంగల్‌లో నా ఆఫీసుకి వెళ్తాను. సాయంత్రం బడి వదిలేదాకా ఓ పావుగంట గేటు దగ్గర వెయిట్ చేస్తాను. దీని మీద ఎవరిని అడగాలి?
— హనుమకొండ

జవాబు: అమ్మా, ఈ20 వల్ల మైలేజ్ తగ్గడం నిజమే, దాన్ని కాదనడం సరైనది కాదు. ఇథనాల్‌లో లీటరుకి ఉండే శక్తి పెట్రోల్ కన్నా దాదాపు మూడోవంతు తక్కువ. 2021లో నీతి ఆయోగ్ నివేదికే, మామూలు పెట్రోల్ కోసం తయారై పది శాతం ఇథనాల్‌కి ట్యూన్ చేసిన కార్లలో ఈ20 వల్ల 6, 7 శాతం దాకా తగ్గొచ్చని రాసింది. మీది పాత కారైతే 17లో ఒక కిలోమీటరు పైన అలా పోయి ఉండొచ్చు. 16 అనుకుందాం. మరి 13కి ఎలా వచ్చింది?

జూన్ అని మీరే రాశారు. బడులు తెరిచిన నెల. అంతకు ముందు మీరు ఇంటి నుంచి నేరుగా ఆఫీసుకి వెళ్ళేవారేమో, ఇప్పుడు బడులన్నీ తెరిచే టైమ్‌కి కాజీపేట బ్రిడ్జి వైపు వెళ్ళి మళ్ళీ వెనక్కి వస్తున్నారు. పైగా సాయంత్రం పావుగంట ఏసీ ఆన్‌లో పెట్టి కూర్చుంటే రోజుకి 200 మిల్లీలీటర్లకి పైగా అక్కడే అయిపోతుంది. ఇథనాల్ మన చేతిలో లేదు, ఆ పావుగంట మన చేతిలో ఉంది. చెట్టు నీడన ఆపి, అద్దాలు దించి, ఇంజిన్ ఆపండి, గేటు దగ్గర నిలబడే మిగతా పిల్లలకి పొగ కూడా తగ్గుతుంది. పక్క ఇళ్ళ పిల్లలు అదే బడికి వెళ్తుంటే ఇద్దరు ముగ్గురు తల్లులు వంతులు వేసుకోండి. ఇక కారు పాతదైతే పెట్రోల్ పైపులు, రబ్బరు భాగాలు ఒకసారి మెకానిక్‌కి చూపించుకోండి, ఈ20లో అవి తొందరగా పాడయ్యే అవకాశం ఉంది.

ప్రశ్న: గుంటూరు నుంచి విజయవాడకి రోజూ 35 కిలోమీటర్లు. ఉదయం ఆరున్నరకి బయల్దేరితే డిస్‌ప్లేలో 20 చూపిస్తుంది, సాయంత్రం వచ్చేటప్పుడు 12. సగటు 16 రావాలి కదా, ఫుల్ ట్యాంక్ లెక్కలో 14 చిల్లరే వస్తోంది. బంకులో తక్కువ కొడుతున్నారా?
— గుంటూరు

జవాబు: బంకు మీద అనుమానం ఉంటే అయిదు లీటర్ల కొలత పాత్రతో చూపించమని అక్కడే అడగొచ్చు, ఆ పాత్ర బంకులో ఉండి తీరాలి. కానీ మీ లెక్కలోనే చిన్న పొరపాటు ఉంది, ఇది చాలామంది చేసేదే. మైలేజీలని కూడి రెండుతో భాగించకూడదు, పెట్రోల్‌ని కూడాలి. పొద్దున 35 కిలోమీటర్లకి 20 చొప్పున లీటరూముప్పావు. సాయంత్రం 12 చొప్పున 2.9 లీటర్లు. మొత్తం 4.67 లీటర్లు, 70 కిలోమీటర్లు. సగటు 15. సాయంత్రం మీరు బెంజ్ సర్కిల్ నుంచి వారధి దాటేదాకా తాగించే పెట్రోల్ పొద్దున మిగిల్చినదాన్ని మింగేస్తుంది. మిగిలిన ఆ అర కిలోమీటరు తేడా డిస్‌ప్లేది. అది కాస్త ఎక్కువే చూపిస్తుంది, దాదాపు అన్ని కార్లలోనూ ఇంతే.

కాబట్టి మీరు పెట్టాల్సిన శ్రద్ధంతా సాయంత్రం మీద. 12ని 14 చేస్తే ఒక్క ట్రిప్పులో 400 మిల్లీలీటర్లకి పైగా మిగుల్తుంది, అదే పొద్దున 20ని కష్టపడి 22 చేస్తే 160 మిల్లీలీటర్లే. ఆరింటికి బదులు అయిదుంబావుకో, ఏడున్నర దాటాకో బయల్దేరి చూడండి.

కొలిచేటప్పుడు ఒకే బంకు, వీలైతే ఒకే పంపు, మొదటిసారి ఆటో కట్ అవ్వగానే ఆపించండి, గుండ్రటి అంకె కోసం ఇంకా కొట్టించకండి. ట్రిప్ మీటర్ సున్నా చేయండి. కనీసం రెండు మూడు ట్యాంకులు చూశాకే మాట్లాడుకుందాం, ఒక్క ట్యాంక్‌తో ఏమీ తేలదు.

ప్రశ్న: మా ఆయన ఏసీ వెయ్యనివ్వరు, మైలేజ్ పోతుందంటారు. ఎండలో పిల్లలతో చాలా ఇబ్బందిగా ఉంది.
— ఒంగోలు

జవాబు: ఏసీకి ఊళ్ళో పది, పదిహేను శాతం దాకా పోతుంది, నిజమే. కానీ ఒంగోలు ఎండలో చిన్నపిల్లలతో ఏసీ ఆపుకోవాల్సిన అవసరం లేదమ్మా, ఆ డబ్బు టైర్లలో గాలి సరిగ్గా ఉంచుకుంటే కొంత తిరిగి వస్తుంది, రెండు వారాలకోసారి టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూపించుకోమని మీ ఆయనకి చెప్పండి. ఎక్కగానే అద్దాలు ఒక నిమిషం దించి వేడి గాలి పోనిచ్చి తర్వాత ఏసీ వేయండి. హైవే మీద అద్దాలు దించి పోయినా గాలి నిరోధం పెరిగి మైలేజ్ కొంత పోతుంది, కాబట్టి అక్కడ ఏసీకి వెనకాడకండి.

ప్రశ్న: గాజువాక నుంచి మధురవాడకి రోజూ రానూపోనూ 60 కిలోమీటర్ల దాకా. నా పెట్రోల్ కారు 13 ఇస్తోంది. సీఎన్‌జీ కారు 34 ఇస్తుందంటున్నారు, ఇది అమ్మేసి అది కొందామా? లేక ఆటోమేటిక్ తీసుకోవాలా?
— విశాఖపట్నం

జవాబు: ఆ 34 కూడా పైన చెప్పిన ల్యాబ్ అంకే, పైగా అది కిలోకి, లీటరుకి కాదు. వ్యాగన్ఆర్ సీఎన్‌జీకి ప్రకటించింది 34.05. మీ దారిలో పెట్రోల్ కారు 24 నుంచి 13కి పడిపోతే సీఎన్‌జీ కూడా అదే లెక్కన పడుతుంది, 18, 19 అనుకోండి. అయినా ఖర్చు తక్కువే, కానీ డిక్కీ పోతుంది, బంకులో క్యూలో నిలబడే టైమ్ కూడా లెక్కలో వేసుకోవాలి. ఆటోమేటిక్ వల్ల ఎడమ మోకాలికి సుఖం, మైలేజ్‌లో పెద్ద తేడా రాదు. నిజంగా ఎన్ఏడీ, కంచరపాలెం వైపు ఆగుతూ కదులుతూ పోయే దారిలో లాభం ఇచ్చేది ఎలక్ట్రిక్ కారు. నిలబడినప్పుడు దాని మోటారు తిరగదు, బ్రేక్ వేసినప్పుడు శక్తిలో కొంత బ్యాటరీకి తిరిగి వెళ్తుంది. పెట్రోల్ కారు హైవేలో బాగా ఇచ్చి ఊళ్ళో చితికిపోతుంది, ఎలక్ట్రిక్‌ది దీనికి తిరగబడి ఉంటుంది. ఇంట్లో చార్జింగ్ పెట్టుకునే సొంత పార్కింగ్ ఉంటేనే దాని గురించి ఆలోచించండి, అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌తో ముందే మాట్లాడుకోండి.

కానీ అమ్మే ముందు ఒక నెల ఆగండి. ఇప్పుడున్న కారులోనే రెండు వారాలు మామూలు టైమ్‌కి, రెండు వారాలు గంట ముందు వెళ్ళండి. ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్ దాకా కిలోమీటర్లు, లీటర్లు, బయల్దేరిన టైమ్, చేరిన టైమ్ రాసిపెట్టి నాకు పంపండి. అది చూశాక కారు మార్చాలో, టైమ్ మార్చాలో చెప్తాను.